ఏడు లీటర్ల కొవ్వు తీసి సాయంత్రం బస్సుకే పంపుతామంటున్నారు, చెల్లెలిని పంపవచ్చా?

పానగల్లు_అక్క

మా చెల్లెలు జడ్చర్లలో ఉంటుంది. వయసు 34, బరువు 71 కిలోలు, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఇద్దరు పిల్లలూ పెద్దాపరేషన్‌తోనే పుట్టారు. రెండో కాన్పులోనే కుటుంబ నియంత్రణ కూడా చేశారు. అప్పటి నుంచి పొట్ట ముందుకు వచ్చి, కింద చర్మం మడత పడి వేలాడుతోంది. ఎండాకాలం ఆ మడతలో చెమట చేరి, ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి.

మొన్న హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కు వెళ్లి వచ్చింది. లేజర్ లైపోసక్షన్ చేస్తారట. ఏడు లీటర్ల కొవ్వు ఒకే రోజు తీసేస్తారట. కోత లేదు, కుట్లు లేవు, ఉదయం ఎనిమిదింటికి వస్తే సాయంత్రం బస్సుకు జడ్చర్ల చేరుకోవచ్చు అన్నారట. మొత్తం లక్షా ముప్పై వేలు. ఈ నెలాఖరులోగా చేయించుకుంటే ఇరవై వేలు తగ్గింపు. పది వేలు కట్టి వచ్చింది కూడా. మా మరిది మొదట వద్దన్నాడు, తర్వాత ఆమె ఏడుపు చూడలేక ఒప్పుకున్నాడు. తోడుగా నన్ను రమ్మంటున్నారు.

ఇంకా పన్నెండు రోజుల గడువుంది. లేజర్ అయితే ప్రమాదం తక్కువా? పొట్ట ఎంతవరకు తగ్గుతుంది? చేయించుకున్నవారు ఉన్నది ఉన్నట్లు చెప్పండి.

వరికంకి

ఏడు లీటర్లు ఒకే రోజా? మా ఇంట్లో మంచినీళ్ల బిందె పదిహేను లీటర్లది. దానిలో దాదాపు సగం. నాకు వైద్యం తెలియదు గానీ, ఆ లెక్క వింటేనే ఒళ్లు జలదరించింది.

పిల్లలమర్రి_మాస్టారు

ఇద్దరు బిడ్డలను మోసిన పొట్ట అది. దానికి సిగ్గుపడవలసిన పని ఏముంది? రోజూ గంట నడవమనండి, రాత్రికి అన్నం మాని జొన్నరొట్టె తినమనండి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కత్తి కిందికి వెళ్లడం నాకు ఎంతమాత్రం నచ్చదు. లక్షా ముప్పై వేలు పిల్లల చదువుకు పనికివస్తాయి.

పానగల్లు_అక్క

మాస్టారూ, ఆమె నడుస్తుంది, జొన్నరొట్టే తింటుంది. ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గింది. బరువు తగ్గేకొద్దీ ఆ మడత ఇంకా వదులై కిందికి జారింది. బాధ అందం కోసం మాత్రమే కాదు. పోయిన మే నెలలో పుండు మానక రెండుసార్లు యాంటీబయాటిక్ వాడవలసి వచ్చింది.

మత్తు_వైద్యురాలు

నేను ఇరవై ఏళ్లుగా మత్తు ఇచ్చే పనిలో ఉన్నాను. అక్కా, మీరు లేజర్ గురించి అడిగారు. నన్ను భయపెట్టింది లేజర్ కాదు, సాయంత్రం బస్సు.

లైపోసక్షన్‌లో కొవ్వును నేరుగా లాగరు. ముందు సెలైన్‌లో లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలిపి లీటర్ల కొద్దీ చర్మం కిందికి ఎక్కిస్తారు. లిగ్నోకెయిన్ నొప్పి తెలియకుండా చేస్తుంది. అడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. దీన్ని ట్యూమిసెంట్ పద్ధతి అంటారు, అమెరికాలో జెఫ్రీ క్లైన్ అనే చర్మవైద్యుడు 1987లో ప్రచురించాడు. నిజంగా గొప్ప మార్పు. అంతకుముందు ద్రవం ఎక్కించకుండా లాగినప్పుడు బయటికి వచ్చిన దానిలో 20 నుంచి 45 శాతం రక్తమే ఉండేది. ఇప్పుడది ఒక శాతం దగ్గరకు వచ్చింది.

కానీ ఎక్కించిన లిగ్నోకెయిన్ అంతా కొవ్వుతో పాటు బయటికి రాదు. ఎక్కువ భాగం లోపలే ఉండి మెల్లగా రక్తంలోకి చేరుతుంది. రక్తంలో దాని మోతాదు ఎక్కువయ్యేది ఆపరేషన్ బల్ల మీద కాదు, దాదాపు 12 గంటల తర్వాత. క్లైన్ పెట్టిన హద్దు కిలో బరువుకు 35 మిల్లీగ్రాములు. 71 కిలోల మనిషికి 2485. లీటరు సెలైన్‌లో 500 మిల్లీగ్రాములు కలిపారనుకోండి, అయిదు లీటర్లు పూర్తి కాకముందే ఆ హద్దు వచ్చేస్తుంది. ఏడు లీటర్లు తీయాలంటే ఇంచుమించు అంత ద్రవం లోపలికి పంపాలి కదా, అప్పుడు 3500 అవుతుంది.

మోతాదు మించితే మొదట నాలుక, పెదవులు తిమ్మిరెక్కుతాయి, చెవుల్లో హోరు వస్తుంది, నోట్లో లోహపు రుచి తెలుస్తుంది. తర్వాత మూర్ఛ. ఆ తర్వాత గుండె. దీనికి విరుగుడు ఉంది, నరంలోకి 20 శాతం లిపిడ్ (కొవ్వు) ద్రవం ఎక్కిస్తాం. అది ఆసుపత్రి అల్మారాలో ఉంటుంది, బస్సులో ఉండదు.

అయిదు లీటర్లు దాటితే పెద్ద ఆపరేషన్‌గానే లెక్క. ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచి నాడి, బీపీ, మూత్రం చూసుకోవాలి.

కోయిల్‌సాగర్

డాక్టరమ్మ చెప్పిన లెక్క వేసి చూశాను. ఉదయం పదకొండుకు ద్రవం ఎక్కిస్తే పన్నెండు గంటలంటే రాత్రి పదకొండు. ఆ సమయానికి మీ చెల్లెలు జడ్చర్లలో నిద్రపోతూ ఉంటుంది, పక్కన మీ మరిది, ఇద్దరు పిల్లలు. నాలుక తిమ్మిరెక్కిందని ఆమె చెప్పినా, అదేమిటో తెలిసినవారు ఆ ఇంట్లో ఎవరుంటారు?

పానగల్లు_అక్క

ఇది చదివి చేతులు చల్లబడ్డాయి. ఆ క్లినిక్‌లో ఈ మాట ఒక్కటీ చెప్పలేదు.

చర్మవైద్యం_పాలమూరు

మత్తు వైద్యురాలు చెప్పినదానిలో తప్పు లేదు గానీ, సగమే చెప్పారనిపించింది. నేను చర్మవైద్యుణ్ని, చిన్న మోతాదులో లైపోసక్షన్ చేస్తాను. క్లైన్ ఈ పద్ధతిని కనిపెట్టిందే పూర్తి మత్తు అవసరం లేకుండా చేయడానికి. రోగి మెలకువగా ఉంటాడు, మాట్లాడతాడు, వెంటనే లేచి నడుస్తాడు. నడిచినవారి కాళ్లలో రక్తం గడ్డ కట్టడం తక్కువ. 2000 సంవత్సరంలో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల పత్రికలో ఒక సర్వే వచ్చింది, దాదాపు అయిదు లక్షల లైపోసక్షన్లలో 95 మరణాలు లెక్క తేలాయి. అంటే సుమారు 5000 మందికి ఒకరు. అన్నిటికంటే పెద్ద కారణం ఊపిరితిత్తుల్లోకి రక్తం గడ్డ వెళ్లడం. స్థానిక మత్తుతో, తక్కువ మోతాదులో, మెలకువగా చేయించుకున్నవారిలో ఇలాంటివి చాలా అరుదు. లిగ్నోకెయిన్ హద్దు కూడా కిలోకు 55 మిల్లీగ్రాముల వరకు భద్రమేనని 1996లో ఒక పరిశోధన చూపించింది.

కాబట్టి పూర్తి మత్తు ఇస్తేనే భద్రం అనే అభిప్రాయం కలిగితే అది తప్పు.

మత్తు_వైద్యురాలు

@చర్మవైద్యం_పాలమూరు పూర్తి మత్తు కావాలని నేను అనలేదు. మీరు చేసేది ఎన్ని లీటర్లు? రెండా, మూడా? ఆ పద్ధతిని నేనూ గౌరవిస్తాను. ఇక్కడ చెబుతున్నది ఏడు లీటర్లు. ఏడు లీటర్లు మెలకువగా ఎవరూ భరించలేరు, మధ్యలో నరానికి నిద్రమందు ఇస్తారు. మత్తు డాక్టరు లేని గదిలో ఆ నిద్రమందు ఎవరిస్తారు? శ్వాస ఎవరు చూస్తారు? మీ పద్ధతి పేరు చెప్పి ఈ పని చేసేవారి వల్లే మీకూ చెడ్డపేరు వస్తోంది.

55 హద్దు ఆరోగ్యంగా ఉన్నవారికి, చేయి తిరిగినవారి చేతిలో. కాలేయం సరిగా లేకపోయినా, కొన్ని ఫంగస్ మందులు వాడుతున్నా లిగ్నోకెయిన్ త్వరగా విరగదు. మడతలో పుండ్లన్నారు కదా, ఫంగస్ మాత్రలేమైనా వాడుతోందా కనుక్కోండి.

చర్మవైద్యం_పాలమూరు

ఒప్పుకుంటున్నాను. ఏడు లీటర్లకు, నిద్రమందుకు నేను చెప్పినది వర్తించదు. ఫంగస్ మాత్రల మాట మంచి సమయంలో గుర్తు చేశారు.

ఒక్కటి చేర్చాలి. ఆమెకు ఉన్నది వదులైన చర్మం. లైపోసక్షన్ కొవ్వును తీస్తుంది, చర్మాన్ని తీయదు. లోపలి కొవ్వు తీసేస్తే ఆ మడత ఖాళీ సంచిలా ఇంకా వేలాడుతుంది. లేజర్ వేడికి చర్మం బిగుస్తుందని చెబుతారు, బిగిసేది కొద్దిగానే. రెండు కాన్పుల మడతకు అది చాలదు. అక్కా, నా అంచనాలో మీ చెల్లెలికి ఆ ఆపరేషనే సరైనది కాదు.

దేవరకొండ_ఖిల్లా

లేజర్ గురించి నా అనుభవం. నాలుగేళ్ల క్రితం నడుము పక్కల కొవ్వుకు చేయించుకున్నాను. సన్నని లేజర్ తీగ చర్మం కింద తిప్పుతారు, అది కొవ్వును కరిగిస్తుంది. ఒకే చోట కొంచెం ఎక్కువసేపు ఉంచినట్టున్నారు, కుడివైపు లోపలి నుంచి కాలింది. రూపాయి బిళ్లంత మచ్చ ఇప్పటికీ ఉంది. ఎడమవైపు నీరు చేరింది, మూడు వారాలపాటు వారానికి రెండుసార్లు సూదితో తీశారు. దేవరకొండ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడానికే ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది. ఆపరేషన్ ధర చెప్పారు గానీ, ఆ తర్వాతి రాకపోకలు ఎవరూ చెప్పలేదు.

వరికంకి

@దేవరకొండ_ఖిల్లా ఇప్పుడు నొప్పి ఏమైనా ఉందా అన్నా?

దేవరకొండ_ఖిల్లా

నొప్పి లేదు. ఆ చోట స్పర్శ తక్కువ.

చర్మవైద్యం_పాలమూరు

లేజర్‌లో కాలడం, అల్ట్రాసౌండ్ పద్ధతిలో నీరు చేరడం పుస్తకాల్లో ఉన్న విషయాలే. యంత్రం పేరు చూసి ఎవరూ మోసపోవద్దు. 1970ల చివర పారిస్‌లో ఇలూజ్ అనే సర్జన్ మొద్దుబారిన గొట్టంతో ఈ పనికి దారి వేశాడు. పదునుగా గీకితే రక్తనాళాలు తెగుతాయని అంతకుముందే తెలిసింది. 1920లలో అదే నగరంలో ఒక నర్తకి కాళ్ల కొవ్వు గీకబోయి రక్తనాళం దెబ్బతీశారు, ఆమె కాలు తీసేయవలసి వచ్చింది. ఈనాటికీ మంచి చేతిలో మామూలు గొట్టం చక్కటి ఫలితం ఇస్తుంది.

కృష్ణాతీరం

నేను చేయించుకున్నాను అక్కా. లైపోసక్షన్ కాదు, పొట్ట బిగించే ఆపరేషన్, టమ్మీ టక్ అంటారు. నాది నాగార్జునసాగర్. మూడేళ్లయింది. నాకూ రెండు పెద్దాపరేషన్లే. మన రాష్ట్రంలో ఇది సాధారణమే కదా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో అన్నిటికంటే ఎక్కువ.

మంచి ఏమిటంటే, మడత పోయింది, పుండ్లు పోయాయి, నడుము నొప్పి కూడా తగ్గింది. కాన్పులకు పొట్ట నడిమి కండరాలు రెండుగా విడిపోయి ఉంటాయి, వాటిని దగ్గరకు కుట్టారు. వ్యాయామం ఎంత చేసినా నా పొట్ట ఎందుకు లోపలికి పోలేదో అప్పుడు అర్థమైంది.

కష్టం కూడా వినండి. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా మచ్చ ఉంటుంది. చీర కట్టు కింద దాగుతుంది, కానీ ఉంటుంది. మూడు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నాను. రెండు గొట్టాలు పెట్టారు, రోజుకు వచ్చే నీరు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గాక తీశారు, నాకు తొమ్మిదో రోజు. పదిరోజులు నడుము వంచి ముసలమ్మలా నడిచాను. ఆరు వారాలు బిగుతు బెల్టు, ఆరు వారాలు బిందె ఎత్తకూడదు, చిన్నపిల్లాడిని కూడా ఎత్తుకోకూడదు. మా అత్తగారు వచ్చి నెలన్నర ఉండి ఇల్లు చూసుకున్నారు. ఆమె లేకపోతే నేను ఆ ఆపరేషన్‌కు వెళ్లేదాన్నే కాదు. బొడ్డు కింద అరచేతి మేర ఇప్పటికీ తిమ్మిరిగానే ఉంటుంది.

రక్తం గడ్డ భయం ఈ ఆపరేషన్‌లోనూ ఎక్కువే. ఆపరేషన్ రోజు సాయంత్రమే నన్ను లేపి నడిపించారు, కాళ్లకు బిగుతు మేజోళ్లు వేశారు. ఇంటికి కారులో వచ్చాను, గంటకోసారి దిగి నడిచాను.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. మా సర్జన్ మొదట అడిగింది పాత కుట్ల గురించి. పడుకోబెట్టి దగ్గమన్నారు, ఎక్కడైనా ఉబ్బుతోందేమో చేత్తో చూశారు. తర్వాత స్కానింగ్ చేయించారు. పెద్దాపరేషన్ చోట కండరం వదులై హెర్నియా ఉంటే, దానిలో పేగు ఉండవచ్చట. మీ చెల్లెలికి ఎవరైనా అలా చూశారా?

పానగల్లు_అక్క

ఇప్పుడే ఫోను చేసి అడిగాను. ఆ క్లినిక్‌లో టేపుతో కొలిచారు, ఫొటోలు తీశారు, అంతే. దగ్గమని ఎవరూ అనలేదు. ఫోనులోనే దగ్గి చూసుకోమన్నాను. బొడ్డుకు కింద, పాత కుట్టు పై చివర నిమ్మకాయంత ఉబ్బి మళ్లీ లోపలికి పోతోందట. రెండేళ్లుగా ఉందట, కొవ్వు గడ్డ అనుకుందట.

మత్తు_వైద్యురాలు

అక్కా, ఆ తేదీ రద్దు చేయించండి. ముందు స్కానింగ్. లైపోసక్షన్ గొట్టం చర్మం కింద కంటికి కనిపించకుండా తిరుగుతుంది. దాని దారిలో హెర్నియా ఉంటే పేగుకు రంధ్రం పడవచ్చు. పేగు తెగిన సంగతి ఆ రోజు తెలియదు, రెండో మూడో రోజు పొట్ట ఉబ్బి జ్వరం వచ్చాక తెలుస్తుంది. అప్పటికి ప్రాణం మీదికి వస్తుంది. స్కానింగ్ నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చేయించవచ్చు, దానికి హైదరాబాద్ వెళ్లవలసిన అవసరం లేదు.

సాగర్_గట్టు

అక్క చెల్లెలి విషయం కాకపోయినా, మగపిల్లలు చదువుతారని రాస్తున్నాను. 23 ఏళ్లకు నుదురు వెనక్కి పోతోందని జుట్టు మార్పిడి చేయించుకున్నాను. పెళ్లిచూపులు దగ్గరపడుతున్నాయని ఇంట్లో తొందర. ఒకే రోజు 3500 గ్రాఫ్టులు, అంటే వెనక నుంచి తవ్వి ముందు నాటే జుట్టు కుదుళ్లు, అన్నారు. డాక్టరు వచ్చి నుదుటి మీద గీత గీసి వెళ్లాడు, మళ్లీ కనిపించలేదు. తవ్వడం, నాటడం ఇద్దరు కుర్రాళ్లే చేశారు. మెడ వెనక జుట్టు అతిగా తీసేశారు, ఇప్పుడు అక్కడ చిమ్మట కొట్టిన ఉన్నిలా ఉంది. ముందు నాటినవి సగమే నిలిచాయి. నాటిన వాటి వెనక ఉన్న సొంత జుట్టు రాలుతూనే పోయింది, మధ్యలో ఖాళీ మిగిలింది.

తర్వాత వేరే చర్మవైద్యురాలు చెప్పింది. ఆ వయసులో బట్టతల ఎంతవరకు పోతుందో ఇంకా తేలదు, ముందు మందులు వాడి ఆగి చూడాలి, వెనక జుట్టు బ్యాంకులో సొమ్ము లాంటిది, ఒకసారి తీస్తే మళ్లీ పుట్టదు అని. ఆ మాట ముందే విని ఉంటే బాగుండేది.

వరికంకి

డాక్టరు లేకుండా కుర్రాళ్లు చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా?

చర్మవైద్యం_పాలమూరు

ఒప్పుకోదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. జుట్టు మార్పిడి చేయవలసింది శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్న వైద్యుడే. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ అనే పై చదువు చేసినవారికి అది చదువులోనే భాగం, చర్మవైద్యులకు తగిన శిక్షణ ఉండాలి. వర్క్‌షాపులో చూసినంత మాత్రాన, యూట్యూబ్‌లో చూసినంత మాత్రాన శిక్షణ అయినట్టు కాదని ఆ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తీసుకుని రాష్ట్ర వైద్య మండలి జాబితాలో డిగ్రీ చూసుకోవచ్చు. నంబరు అడిగితే ముఖం చిట్లించే చోటు నుంచి లేచి వచ్చేయండి.

సాగర్ తమ్ముడికి ఒక మాట. మెడ వెనక పలచబడిన చోటికి గడ్డం జుట్టు నాటే మార్గం ఉంది. తొందరపడకుండా ఇద్దరికి చూపించండి.

మర్రిగూడ_బిడ్డ

పెళ్లిచూపులు అనగానే నా పళ్లు గుర్తొచ్చాయి. మా ఊరి బోరు నీళ్లు తాగి పెరిగిన వాళ్లం. పాలపళ్లు ఊడి వచ్చిన పళ్లన్నీ గోధుమరంగు చారలతోనే వచ్చాయి. నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు, మా దగ్గర దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరుంది. ఆ నీళ్లు మా ఇంటికి మాత్రం నా చిన్నతనంలో రాలేదు. ఫొటోలో నోరు తెరిచి నవ్వింది లేదు.

నల్లగొండలో ఒకచోట పద్నాలుగు పళ్లకు తొడుగులు వేస్తామన్నారు. ఒప్పుకోబోయాను. ఇంకో దంతవైద్యురాలు ఆపింది. తొడుగు వేయాలంటే పంటి పై పొరను అరగదీయాలి, అది తిరిగి రాదు, తొడుగులు కొన్నేళ్లకు మార్చాలి, ఈ వయసులో మొదలుపెడితే జీవితాంతం మార్చుకుంటూ ఉండాలి అని చెప్పింది. ఆమె ఆమ్లం కలిసిన మెత్తని పొడితో పై పొరను నూలుపోగంత మాత్రమే రుద్ది, తర్వాత తెలుపు చేసింది. మూడు విడతల్లో అయింది. బాగా గుంటలు పడిన రెండు పళ్లకు మాత్రం పూత వేసింది. పూర్తిగా పోలేదు, లేత చారలు ఉన్నాయి. నాకు అది చాలు, నిరుడు పెళ్లి ఫొటోల్లో నవ్వాను.

కృష్ణాతీరం

@మర్రిగూడ_బిడ్డ ఈ చివరి మాట చదివి చాలా సంతోషించాను తల్లీ.

పిల్లలమర్రి_మాస్టారు

మొదట నేను రాసినది తొందరపాటు మాట. ఆ పుండ్ల సంగతి నాకు తెలియదు, మీ చెల్లెలిని నొప్పించి ఉంటే మన్నించమనండి.

నా సర్వీసులో ఒక అమ్మాయి ఉండేది, ఏడో తరగతి. స్టవ్ మంటకు గదవ, మెడ, ఛాతీ కాలిపోయాయి. పుండ్లు మానేటప్పుడు చర్మం ముడుచుకుని గదవ ఛాతీకి అతుక్కుపోయింది. తల ఎత్తి నల్లబల్ల చూడలేకపోయేది. మొదటి బెంచీలో కూర్చోబెట్టినా నోటు పుస్తకమే చూసేది. ఉస్మానియా ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి నేనే తీసుకెళ్లాను. ముడుచుకున్న చోట కోసి, తొడ నుంచి చర్మం తెచ్చి అతికారు. తర్వాత నెలల తరబడి మెడకు పట్టీ వేసుకుంది, లేకపోతే మళ్లీ ముడుచుకుంటుందట. ఆరోగ్యశ్రీ కింద అయింది, రూపాయి కట్టలేదు. వేసవి సెలవుల తర్వాత ఆ పిల్ల తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

ప్లాస్టిక్ సర్జరీ అంటే నా మనసులో అదే ఉండిపోయింది. అందుకే మిగతావన్నీ డబ్బున్నవారి సరదా అనుకున్నాను. పుండ్లు పడే మడత, నోరు తెరవనివ్వని చారలు కూడా తల దించేవే అని ఇప్పుడు అర్థమైంది. కాలిన మచ్చలు, గ్రహణం మొర్రి ఉన్న పిల్లలు మీ ఊళ్లలో ఉంటే చెప్పండి, ఉచితంగా చేసే చోటికి నేను తోడు వస్తాను.

చర్మవైద్యం_పాలమూరు

మాస్టారి పోస్టు చూసి మచ్చల గురించి ఒకటి గుర్తొచ్చింది. మన చర్మానికి కీలాయిడ్ గుణం, అంటే మానిన మచ్చ ఉబ్బి పెరిగే గుణం, ఎక్కువ. చెవి కుట్టించుకున్న చోట, ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ దగ్గర ఉబ్బి గట్టిపడి దురద పెడుతుందేమో చూసుకోండి. ఉంటే ఏ కోతకు ముందైనా డాక్టరుకు చెప్పాలి. మీ చెల్లెలి పెద్దాపరేషన్ మచ్చ ఎలా మానిందో చూస్తే తర్వాతి మచ్చ ఎలా మానుతుందో సగం తెలిసిపోతుంది.

లెక్కల_పద్దు

కట్టిన పది వేల సంగతి ఎవరూ మాట్లాడలేదు. నేను సూర్యాపేటలో పన్నుల పని చూస్తాను. రోగానికి చేసే వైద్యానికి జీఎస్టీ లేదు. అందానికి చేసే ప్లాస్టిక్ సర్జరీకి, జుట్టు మార్పిడికి 18 శాతం ఉంది. పుట్టుకతో వచ్చిన లోపానికో, ప్రమాదంలో దెబ్బతిన్నదానికో చేస్తే మళ్లీ మినహాయింపే. కాబట్టి చెల్లెలికి ఇచ్చిన రసీదు చూడండి. జీఎస్టీ నంబరుతో ఉందా, తెల్లకాగితమా? లక్షా ముప్పై వేలల్లో పన్ను కలిసి ఉందా, తర్వాత కలుపుతారా?

హెర్నియా అనుమానం ఉందని, అందుకే రద్దు చేస్తున్నామని కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. డబ్బు తిరిగి ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తీర్పు ఇచ్చింది. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కరలేదు. గడువు రెండేళ్లు.

సాగర్ తమ్ముడూ, నీది ఎప్పుడు జరిగింది?

సాగర్_గట్టు

ఏడాదిన్నర అయింది అన్నా.

లెక్కల_పద్దు

అయితే ఆలస్యం చేయకు. ఆ రోజు కాగితాలన్నీ రాతపూర్వకంగా అడుగు. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని నిబంధన ఉంది. ఎవరు తవ్వారు, ఎవరు నాటారు అన్నది వాటిలోనే ఉండాలి. నాకు విడిగా రాయి, ఫిర్యాదు నేను రాసిపెడతాను.

పానగల్లు_అక్క

తొమ్మిది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను. అందరూ ఏమయిందని అడుగుతున్నారు.

మహబూబ్‌నగర్‌లో స్కానింగ్ చేయించాము. హెర్నియానే. రంధ్రం మూడు సెంటీమీటర్లు, దానిలోకి పేగు వచ్చి పోతోందని రిపోర్టు. చెల్లెలు రిపోర్టు పట్టుకుని అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయింది.

తర్వాత ముగ్గురం ఆ క్లినిక్‌కు వెళ్లాము. రద్దు చేయడానికి ముందు మీరందరూ చెప్పినవి ఒక కాగితం మీద రాసుకుని అడిగాను. ఎన్ని లీటర్లు ఎక్కిస్తారు, లిగ్నోకెయిన్ కిలోకు ఎంత వస్తుంది, నిద్రమందు ఎవరిస్తారు, రాత్రికి ఉంచుకుంటారా, లిపిడ్ ద్రవం ఉందా, ఏదైనా అయితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు. మాట్లాడిన అమ్మాయి డాక్టరు కాదు, అవన్నీ సార్ చూసుకుంటారు అన్నది. సార్‌ను కలవాలి అన్నాను. ఆపరేషన్ రోజే వస్తారట. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే గోడ మీది సర్టిఫికెట్ చూపించింది, అది మూడు రోజుల కోర్సుది. లెక్కల_పద్దు అన్న చెప్పినట్లు కాగితం ఇచ్చాము. ఎనిమిది వేలు అక్కడికక్కడే ఇచ్చారు, రెండు వేలు ఖర్చుల కింద పట్టుకున్నారు. రసీదు తెల్లకాగితమే.

ఆ తర్వాత ఒక ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్‌ను, హెర్నియా చూసే సర్జన్‌ను ఇద్దరినీ కలిశాము. హెర్నియాకు వల వేసి కుట్టి, అదే మత్తులో కింద మడత చర్మం తీస్తామన్నారు. లైపోసక్షన్ అసలు వద్దన్నారు. నాలుగు రాత్రులు ఉంచుతారట. మచ్చ ఎక్కడి నుంచి ఎక్కడికి వస్తుందో పెన్నుతో ఆమె ఒంటి మీదే గీసి చూపించారు. బొడ్డుకు రక్తం సరిగా అందకపోతే పోయే అవకాశం కూడా ఉందని ముందే చెప్పారు. చెల్లెలు ఫంగస్ మాత్రలు వాడుతోందని చెబితే, ఆపేసి మూడు వారాలాగి రమ్మన్నారు. ఇంకా రెండు కిలోలు తగ్గితే మంచిదన్నారు. ఖర్చు ఎక్కువే, హెర్నియా భాగం మరిది ఉద్యోగం బీమాలో వస్తుందేమో కనుక్కుంటున్నాము.

దసరా సెలవుల్లో పెట్టుకున్నాము, పిల్లలను నా దగ్గర ఉంచుకుంటాను.

కృష్ణాతీరం

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు వెల్లకిలా, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకోవాలి. మంచం ఎత్తుగా ఉండేలా చూడండి, నేల మీద పరుపు వేస్తే లేవలేదు. ముందు బొత్తాలున్న నైటీలు నాలుగు కొనండి.

మత్తు_వైద్యురాలు

కుటుంబ నియంత్రణ అయింది కాబట్టి, రక్తం గడ్డ భయాన్ని పెంచే గర్భనిరోధక మాత్రల బెడద ఉండదు. ఇంకేమైనా హార్మోను మాత్రలు వాడుతుంటే చెప్పండి. మత్తు డాక్టరును ముందురోజే కలిసి మాట్లాడాలని అడగండి, అది మీ హక్కు. ఇంటికి వచ్చాక ఒక కాలి పిక్క మాత్రమే వాచినా, నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోను చేయండి.

పానగల్లు_అక్క

ఇది ప్రింటు తీసి వాళ్ల ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

కోయిల్‌సాగర్

జడ్చర్లలో మాది బస్టాండ్ వెనకే. కారు ఉంది. అర్ధరాత్రి అయినా ఫోను చేయండి అక్కా, నంబరు విడిగా పంపుతున్నాను.